మిద్దెనాడుకు ఇద్దరు కావాలి

మా దేశాధ్యక్షుడు పోయినప్పుడు ఏ దేశమూ జెండా దించలేదు. మేమూ దించలేదు. మేమూ అంటే నేనే. దించాల్సిన పని నా మీదే పడింది కానీ నాకు చేతులు రాలేదు. ఆడిమాసపు, అంటే ఆషాఢపు, గాలి పాలక్కాడు కనుమలోంచి వచ్చి అరవనేల మీది మా సింగానల్లూరు మిద్దెల మీద ఆరేసిన బట్టలన్నిటినీ ఎగరేస్తోంది. వాటి మధ్య మా జెండా కూడా ఒక చీర ముక్కలాగే ఎగురుతోంది. తెలియనివాళ్లకి అది చీర ముక్కే. అది జెండా అని తెలిసినవాళ్లం ఒకప్పుడు చాలామందిమి ఉండేవాళ్లం.

ఆయన నాకు వరసకు మామ. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. కింద గ్రైండర్లు బాగుచేసే చిన్న పట్టరై, మధ్యలో ఇల్లు, పైన దేశం. కార్ఖానాని మావాళ్లు అరవంలో లాగే పట్టరై అంటారు. పగలంతా ఆ పట్టరైలో, రుబ్బురాళ్ల మధ్య, తెల్లటి రాతిపొడిలో కూర్చునేవారు. సాయంత్రం మిల్లు కూత వినబడగానే చేతులు కడుక్కుని, భుజం మీద తువ్వాలు సర్దుకుని, చెవి వెనక పెన్సిల్ తీయడం మరిచిపోయి మెట్లెక్కేవారు. ఆఖరి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. కింద కొంచెం వంగి నడిచే మనిషి అక్కడినుంచి నిటారుగా అయిపోయేవారు. చిన్నప్పుడు నేను అది ఆయాసం తీర్చుకోవడం అనుకున్నాను. అది సరిహద్దు దాటడం అని తర్వాత తెలిసింది.

మిద్దెనాడు పెద్ద దేశమేమీ కాదు. ఉత్తరాన నీళ్ల ట్యాంకు, తూర్పున బట్టలారేసే తీగ, దక్షిణాన కరివేపాకు తొట్టి, పడమరన గాలి. పడమటి హద్దు పిట్టగోడ దగ్గరే అయిపోతుందంటే మామ ఎప్పుడూ ఒప్పుకోలేదు. "గాలి వచ్చే తావంతా మనదే అమ్మణీ," అనేవారు. మా కొంగునాట ఆడపిల్లని ముద్దుగా అమ్మణీ అంటారు. నాకు తల నెరిశాక కూడా ఆయనకి నేను అమ్మణీనే.

సాయంత్రాలు చెరువు నుంచి కొంగలు బారులు కట్టి మా మీదుగా పోయేవి. మామ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తి చూసి, "పోనీ, పోనీ, వాటికి వీసా వద్దు," అని అనుమతి ఇచ్చేవారు. ఆ మసక వెలుగులో పిట్టగోడకి అవతల కొబ్బరి తలలు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. కింద వీధి ఉందన్న సంగతి నిజంగానే మరిచిపోయేవాళ్లం. టౌన్ బస్సు హారను ఎక్కడో పరాయి రేవులో ఓడ కూసినట్టు వినిపించేది. దేశం ఉందా లేదా అని ఆ వేళప్పుడు ఎవరైనా అడిగితే, కింద ఉన్నదే నిజంగా ఉందా అని నేను ఎదురు అడిగేదాన్ని.

పైకి వచ్చేవాళ్లకి మెట్ల దగ్గర తనిఖీ ఉండేది. అది ఆయనే చేసేవారు, తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టి.

"ఏమైనా అరవం తెచ్చినావా?"

"లేదు మామా."

"ఉంటే మెట్టు మీద పెట్టేసి రా. పొయ్యేటప్పుడు ఎత్తుకోవచ్చు."

దేశం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క పెద్ద చట్టమే. మిద్దె మీద తెలుగే మాట్లాడాలి. చెప్పొద్దూ, ఆయన మాట్లాడే తెలుగులో సగం అరవమే. సభని కూట్టం అనేవారు, ప్రభుత్వాన్ని అరసాంగం అనేవారు. నేను ఒకసారి పట్టుకుని అడిగితే పెన్సిల్ చెవి మీద సర్దుకుని, "అవి అరవం కాదు అమ్మణీ. మన తెలుగింటికి వచ్చిన కోడళ్లు. వచ్చి ఇన్ని తరాలైనాక ఇంకా పుట్టింటి పేరు చెప్పి పిలుస్తామా?" అన్నారు.

ఆయన దేశం ఎందుకు పెట్టారో తెలిస్తే ఇదంతా పరాచికం కాదని తెలుస్తుంది. ఒకసారి అత్తని తీసుకుని తిరుపతి వెళ్లారు. కొండ కింద ఒక అంగడిలో నోరారా తెలుగులో బేరం ఆడారట. మన మాట మాట్లాడే ఊరు కదా అని గొంతు కూడా పెంచారట. అంగడివాడు అంతా విని, మర్యాదగా, వచ్చీరాని అరవంలో జవాబిచ్చాడు. ఇక్కడ సింగానల్లూరులో మమ్మల్ని తెలుగువాళ్లు అంటారు. అక్కడ ఆయన్ని అరవవాడు అనుకున్నారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా మిద్దె ఎక్కారట. "ఈడా మనది కాదు, ఆడా మనది కాదు అన్నాక, పైన ఒకటి పెట్టుకోవాల్సిందే కదా," అని ఆయన తర్వాత నాతో అన్నారు, ఏదో పట్టరైకి ఇంకో గది వేసుకున్నట్టు.

మొదటి కూట్టం పున్నమినాడు జరిగింది. ఆ తర్వాత ప్రతి పున్నమికీ జరిగేది. అత్త పెద్ద గుండిగలో కలిపిన పెరుగన్నం తెచ్చి, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, వెన్నెల్లో చేతికి ముద్దలు పెట్టేది. మేనల్లుళ్లు, మేనకోడళ్లు, బావలు, వదినెలు, వీధిలో మా మాట మాట్లాడే మరి కొన్ని ఇళ్లవాళ్లు, అందరం వచ్చాం. మామ పాత గ్రైండర్ డ్రమ్ము బోర్లించి దాని మీద కూర్చుని మంత్రి పదవులు పంచారు. అక్కడే మొదటి తప్పు జరిగింది, అది మా ఇళ్లలో తప్ప ఇంకెక్కడా జరగదు. పెద్దబావకి పదవి ఇచ్చి చిన్నబావకి ఇవ్వకపోతే చిన్నబావ అలుగుతాడు. అల్లుడి కింద మామగారు కూర్చోకూడదు. వియ్యంకుడిని ఉపమంత్రి అంటే ఇక ఆ ఇంటికి మంచినీళ్లు కూడా అందవు. వరసలు చూసి, మర్యాదలు చూసి, చివరికి వచ్చినవాళ్లందరికీ ఒక్కో శాఖ ఇచ్చేశారు. గాలి శాఖ, వెన్నెల శాఖ, బట్టల తీగ శాఖ. నాకు విద్యాశాఖ వచ్చింది, నాకు అప్పటికి తెలుగులో ఒక్క అక్షరం రాకపోయినా. మామ కూతురు మా అందరికన్నా చిన్నది, వరసకు వదిననైనా నన్ను అక్కా అనేది. దానికి బొమ్మల శాఖ ఇచ్చారు.

తెల్లారాక చూసుకుంటే మిద్దెనాడులో అందరూ మంత్రులే, ప్రజలు లేరు.

మామ దీని గురించి చాలా మథనపడ్డారు. ఆలోచించేటప్పుడు ఆయన చూపుడువేలు ఒళ్లో తనంతట తాను గుండ్రంగా తిరిగేది, రుబ్బురాయి తిరిగినట్టు. "తొందరపడితే పిండీ నున్నగా రాదు, చట్టమూ రాదు," అనేవారు. తర్వాతి పున్నమికి సంస్కరణ తెచ్చారు. ఎవరి పదవీ పోదు. కానీ నెలకొకరు వంతువేసుకుని ప్రజలుగా ఉండాలి. ఆ నెల వాళ్లు డ్రమ్ము మీద కూర్చుంటారు, మంత్రులందరూ కింద కూర్చుని వాళ్లు చెప్పింది వినాలి. ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు, అధ్యక్షుడు కూడా.

ఇంతమంది ఉండీ ఎవరి మాటా ఎవరూ పూర్తిగా వినని ఇళ్లలో, ఆ చట్టం మందులా పనిచేసింది. అత్త వంతు వచ్చిన పున్నమి నాకు నిన్నటిలా గుర్తుంది. అత్తది చిన్నమనూరు, ద్రాక్షతోటల పక్క. ఆమె తెలుగు సాగదీసి పాడినట్టు ఉండేది. మామ దాన్ని విదేశీ తెలుగు అని ఏడిపించేవారు. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్లి డ్రమ్ము మీద కూర్చుంది. మామ కింద, సిమెంటు నేల మీద, మఠం వేసుకుని కూర్చున్నారు.

"ప్రెసిడెంటయ్యా," అంది అత్త.

"చెప్పండి ప్రజలారా," అన్నారు మామ.

"కింద కుళాయిలో రెండు దినాలుగా నీళ్లు రాలేదు. దాన్ని సూసేదానికి గతిలేదు గానీ, ఈడ మిద్దె మీద రాజ్యమా?"

మంత్రివర్గం అంతా విరగబడి నవ్వింది. మామ మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, తువ్వాలు నడుముకి చుట్టి, కూట్టం మధ్యలోనే కిందికి దిగి కుళాయి విప్పి బాగుచేశారు. ఆయన తిరిగొచ్చేవరకూ అత్త డ్రమ్ము దిగలేదు. వెన్నెల్లో ఆమె ముఖంలో అంత ఠీవి నేను మళ్లీ చూడలేదు. జెండాగా ఎగురుతున్నది ఆ రోజు ఆమె కట్టుకున్న చుక్కల చుంగుడి చీరలో సగం. మిగతా సగం తర్వాత ఆమెతోనే వెళ్లింది.

నా శాఖ విషయం కూడా చెప్పాలి. విద్యామంత్రికి అక్షరాలు రాకపోతే పరువు తక్కువ అని నేను ఫోన్లో చూసి దిద్దుకున్నాను. నేను పనిచేసే మిల్లు ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తినే వేళ, పాత కాగితాల వెనక. ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ పదవి చలవే. మామకి నేర్పుతానంటే మాత్రం వినలేదు. "పాలించేది నేను, సదివేదానికి మంత్రి ఉండారు కదా," అనేవారు. నేను మొదటిసారి తలుపు మీద సున్నంతో మిద్దెనాడు అని రాసినప్పుడు, ఆ అక్షరాల ముందు చాలాసేపు నిలబడ్డారు. వేలితో ఒక్కో అక్షరం గుండ్రంగా తడిమి, "అన్నీ రుబ్బురాళ్ల మాదిరి గుండ్రంగా ఉండాయే," అని మురిసిపోయారు. చట్టాలు రాసిపెడదామంటే మాత్రం ససేమిరా అన్నారు. రాసింది మార్చడానికి జనం భయపడతారట. అందుకే మా రాజ్యాంగం ఎప్పుడూ నోటి మీదే ఉండేది.

కాలం గడిచేకొద్దీ కూట్టం పలచబడింది. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. కొందరు తిరుప్పూరు పోయారు, కొందరు పోవలసిన చోటికే పోయారు. కినత్తుకడవులో కొబ్బరితోట ఉన్న పెద్దబావ మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదన్నాడు. మిగిలినవాళ్లు ఫోన్లో పౌరులయ్యారు. పున్నమికి చంద్రుడి బొమ్మ పంపి చేతులు జోడించేవారు. పేర్లు తీసేద్దామా అని నేనడిగితే మామ కళ్లజోడు తీసి జెండా కొసతో తుడుచుకుంటూ, "తీసేదానికి మనమెవరు? పుట్టినప్పుడు పేరు మనం పెట్టినామా?" అన్నారు. కానీ లెక్క తేలాలి కదా. అందుకని రెండో సంస్కరణ వచ్చింది. ఆ నెలలో మిద్దె మీదికి వచ్చి, ఇంకో పౌరుడితో ఒక్క మాటైనా తెలుగులో మాట్లాడినవాళ్లే ఆ నెలకి పనిలో ఉన్న పౌరులు. అలాంటివాళ్లు కనీసం ఇద్దరుంటే దేశం ఉన్నట్టు. ఒక్కరే మిగిలితే, పున్నమినాడు ఆ మిగిలినవాళ్లు జెండా దించి, మడతపెట్టి, కిందికి పోవాలి. చట్టం మార్చాలంటే మాత్రం ముగ్గురు కావాలి.

అప్పట్లో ముగ్గురు దొరకడం కష్టమని ఎవరికీ తోచలేదు.

అత్త పోయిన ఏడాది మూడో సంస్కరణ వచ్చింది. దానికి ముందు మా ఆచారం ఒకటి చెప్పాలి. మా ఇళ్లలో పెద్దలకు పెట్టే రోజు మిద్దె మీద ఆకులో అన్నం పెట్టి, పోయినవాళ్లని వరస పెట్టి తెలుగులో పిలవాలి. అప్పుడే కాకి వచ్చి ముడుతుంది. పోయినవాళ్లకి అరవం అర్థం కాదని మావాళ్ల నమ్మకం. మూడు తరాలుగా తెలుగు పలకని ఇళ్లవాళ్లు కూడా ఆ ఒక్క పిలుపు కోసం ఇరుగుపొరుగుని అడిగి నేర్చుకుని వస్తారు. అసలు పిలవాల్సింది ఇంటి ఆడపిల్ల. కానీ అత్త కర్మ రోజు కూతురు నోరు విప్పలేదు. మామే పిలిచారు, మొగుడు పెళ్లాన్ని పిలవడం ఏమిటని పెద్దవాళ్లు గొణుగుతున్నా వినకుండా. ఆ పున్నమికి నేనే లేచి, చచ్చిపోయినంత మాత్రాన మిద్దెనాడులో ఎవరి పౌరసత్వమూ పోదని తీర్మానం పెట్టాను. అందరూ చేతులెత్తారు. మామ చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది, అందరూ దించాక కూడా అలాగే ఉంది.

కూతురి సంగతి. చిన్నప్పుడు బొమ్మల మంత్రిగా మహా హుషారుగా ఉండేది. ఒకరోజు బడి స్నేహితురాళ్లు ఇంటికొచ్చి, ఇది మిద్దె మీద మాట్లాడే మాటలు విని, మీరు ఎక్కడినుంచి వచ్చినవాళ్లని పకపకా నవ్వారు. వాళ్లు నవ్వి మరిచిపోయి ఉంటారు. ఇది మరిచిపోలేదు. ఆ సాయంత్రం ఆఖరి మెట్టుకి ఒక మెట్టు కింద నిలబడి, తండ్రితో అరవంలో, ఇక నేను రానని చెప్పింది. అప్పటిదాకా నైనా అనేది. ఆ రోజునుంచి అప్పా అయ్యింది. మామ ఆ రాజీనామాని లేచి నిలబడి స్వీకరించారు. ఆ తర్వాత ఎన్ని శాఖలు కలిపేసినా, ఎన్ని రద్దు చేసినా, బొమ్మల శాఖ జోలికి పోలేదు. ఎవరికీ ఇవ్వలేదు కూడా.

ఆ పిల్ల పెరిగి, ఇంట్లోనే ఉండి, పట్టరైని తండ్రికన్నా బాగా నడిపింది. తండ్రంటే ప్రాణం. రోజూ సాయంత్రం కాఫీ తెచ్చేది, కానీ ఆ కిందిమెట్టు దాటేది కాదు. అక్కడ నిలబడి చెయ్యి చాచి, "అప్పా, కాఫీ," అనేది. మామ లేచి వచ్చి సరిహద్దు ఇవతల నిలబడి లోటా అందుకునేవారు. "దిగుమతి," అనేవారు నావైపు చూసి. వాళ్లిద్దరి వేళ్లూ ఆ లోటా మీద ఒక్క క్షణం కలిసేవి.

చివరికి నేనూ మామా మిగిలాం. శాఖలన్నీ మా ఇద్దరి మీదే పడ్డాయి. మామ వాటిని నిజంగానే నడిపేవారు. వ్యవసాయమంత్రిగా తొట్టి దగ్గర నిలబడి, "కరివేపాకుకి ఇంకో బకెట్టు నీళ్లు కావాల," అని వినయంగా అడిగేవారు. తర్వాత నడుచుకుంటూ ట్యాంకు దగ్గరికి వెళ్లి, నీళ్లమంత్రిగా గొంతు మార్చి, "నిన్ననే ఇచ్చినాము కదా, కుదరదు," అని కసిరేవారు. మళ్లీ తొట్టి దగ్గరికి వచ్చి నిజంగానే చిన్నబుచ్చుకునేవారు.

"మామా, రెండు శాఖలూ మీవే కదా. ఇచ్చేసుకోవచ్చు కదా?" అన్నాను.

"అట్ల ఇచ్చుకుంటే దాని పేరు అరసాంగం కాదు అమ్మణీ, కుటుంబం."

కానీ మోకాళ్లకి అంత రాజ్యం బరువైంది. తొట్టికీ ట్యాంకుకీ మధ్య నడవలేక ఒకరోజు మధ్యలోనే డ్రమ్ము మీద కూర్చుండిపోయి, శాఖలన్నీ తీసేస్తున్నానన్నారు. అది చట్టం మార్చడం కాదట, చేసేవాళ్లు లేక పని ఆపడమట. ఇక మిద్దెనాడులో రెండే పదవులు. మాట్లాడేవారు, వినేవారు. ఒకరోజు ఒకరు మాట్లాడేవారు, మర్నాడు ఇంకొకరు.

"ఇన్నాళ్లూ అరసాంగం అంటే ఏమేమో అనుకున్నాము," అన్నారు. "పిండి రుబ్బినట్టు రుబ్బి రుబ్బి చూస్తే అడుగున ఇదే ఉండాది."

"బొమ్మల శాఖ?" అన్నాను.

"అది ఉండనీ," అన్నారు.

ఆ చివరి నెలలు నాకు కలలా ఉన్నాయి. ఆయన మాట్లాడే రోజు మిద్దెనాడుకి ఒక సముద్రం ఉండేది, మబ్బులు తెచ్చిపెట్టేవి. పడమరన ఎర్రటి మబ్బు కనిపిస్తే అది ఓడరేవు అనేవారు. అత్త అక్కడ దిగిందనీ, చిన్నమనూరు ద్రాక్ష గంపతో తెచ్చిందనీ, సుంకం దగ్గర తనని కూడా ఆపేశారనీ చెప్పేవారు. నేను వినేదాన్ని. నేను మాట్లాడే రోజు మిల్లు ఆఫీసు గొడవలు చెప్పేదాన్ని. ఆయన వాటినీ అంత శ్రద్ధగానే వినేవారు, చంద్రుడి బాధ్యత కూడా ఆ ఆఫీసుదే అన్నట్టు.

ఒక సాయంత్రం నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మామా, ఒక్కరున్నా దేశం ఉన్నట్టే అని మార్చుకుందాం. పెద్దబావని ఎట్లోగట్ల కారులో తెచ్చి ఎత్తుకొస్తాను. ముగ్గురవుతాం."

ఆయన వేలు ఒళ్లో తిరగడం మొదలుపెట్టింది. "ఒక్క మనిషి మాట్లాడుకుంటే దాన్ని దేశమనరు అమ్మణీ. పిచ్చి అంటారు."

"మరి మీరు పోయినాక?" అనేశాను. అన్నాక నోరు కరుచుకున్నాను.

ఆయనకి కోపం రాలేదు. "నువ్వు ఉంటావు కదా."

"నేనొక్కదాన్నే కదా మామా."

"ఇంకొకరు వస్తారు."

"ఎవరు వస్తారు?"

ఆయన మెట్లవైపు చూశారు. సరిగ్గా అప్పుడే కూతురు ఆ కిందిమెట్టు మీద నిలబడి చెయ్యి చాచింది. "అప్పా, కాఫీ."

నాకు ఆశ పుట్టింది. "కాఫీ అన్నది తెలుగే కదా మామా? లెక్కేసుకుందామా?" అని గుసగుసలాడాను.

ఆయన నవ్వి తల అడ్డంగా ఊపారు. "దొంగలెక్క వద్దు. ఆ మెట్టు మన దేశం కాదు. అడిగి తెచ్చుకుంటే అది పౌరసత్వం కాదు, చుట్టరికం. దానికే తోచాల." లేచి వెళ్లి లోటా అందుకున్నారు. ఆ రోజు దిగుమతి అని అనలేదు. కొంచెంసేపు ఎక్కువ పట్టుకుని నిలబడ్డారు.

ఆయనకి చావంటే భయం లేదు. తన తర్వాత ఈ మిద్దె మళ్లీ ఉత్త మిద్దె అయిపోతుందేమో అన్నదే బెంగ. ఆ బెంగ తీరకుండానే, ఆడిమాసం మొదట్లో, పట్టరైలో కూర్చున్నచోటే ఒరిగిపోయారు. చెవి వెనక పెన్సిల్ అలాగే ఉంది.

కర్మ రోజు పున్నమి పడింది. ఎవరూ చూసి పెట్టిన ముహూర్తం కాదు. చట్టప్రకారం ఆ రోజే నేను జెండా దించాలి. జనం పైకి రాకముందే ఆ పని చేసేద్దామని పొద్దెక్కాక మిద్దె ఎక్కాను. అలవాటుగా ఆఖరి మెట్టు దగ్గర ఆగాను. తనిఖీ చేసేవాళ్లు లేరు. లోపలికి వెళ్లి తాడు ముడి పట్టుకున్నాను. గాలికి ముడి బిగిసిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడయ్యింది. ఆయన కూతురు, తడిబట్టలతో, అరిటాకులో అన్నం పట్టుకుని వస్తోంది. కిందిమెట్టు దగ్గర ఆగింది. నన్ను చూసింది, తల వంచుకుంది, ఆ మెట్టు దాటి, ఆఖరి మెట్టు దాటి, లోపలికి వచ్చింది. పిట్టగోడ మీద ఆకు పెట్టి, గాలికి లేవకుండా అంచున చిన్న రాయి పెట్టింది.

"కా, కా," అని పిలిచింది. ట్యాంకు మీద కాకి ఉంది. కదల్లేదు.

"అప్పా, వాంగప్పా," అని అరవంలో రమ్మంది. కాకి మెడ తిప్పుకుంది.

కిందినుంచి ఎవరో ముసలావిడ అరిచింది. "తెలుగులో పిలువు పాపా! పోయినోళ్లకి అరవం రాదు!"

ఆ మాటకి అది ఒక్కసారిగా భోరుమంది. నావైపు తిరిగి అరవంలోనే, "మా అప్పాకి తమిళం వచ్చు కదా అక్కా! నాతో రోజూ మాట్లాడేవారు కదా!" అంది.

"కింద వచ్చు," అన్నాను. "ఈడ రాదు."

ఎన్నేళ్లుగానో మూతపడిన తలుపు తీసేటప్పుడు ముందు చెయ్యి వెనకాడినట్టు, దాని పెదవులు రెండు మూడుసార్లు కదిలి ఆగిపోయాయి. నేను సాయం చెయ్యలేదు. అడిగి తెచ్చుకోవద్దన్న మనిషి మాట నా చెవిలో ఉంది.

"నైనా," అంది.

మళ్లీ అంది, కొంచెం గట్టిగా. "నైనా, రా నైనా. అన్నం సల్లారిపోతా ఉండాది. వచ్చి తిను నైనా."

చిన్నప్పటి గొంతు. చిన్నప్పటి తెలుగు, ఎక్కడ ఆపేసిందో అక్కడినుంచే. కాకి ట్యాంకు దిగింది, ఆకు అంచున వాలింది, ఒక మెతుకు ముక్కున కరుచుకుంది. అది నిజంగా ఆయనో కాదో నాకు తెలియదు. నాకు కావలసింది అది కాదు. నేను మనసులో చట్టం ఒకసారి పైకీ కిందికీ చదువుకున్నాను. ఆయన పోయినా పౌరుడే. కూతురు మిద్దె మీద నిలబడి, ఒక పౌరుడితో, తెలుగులో మాట్లాడింది. అందులో దొంగలెక్క ఏమీ లేదు. నా చేతులు తాడు వదిలేశాయి.

కాకి ఎగిరిపోయాక కూడా ఆ పిల్ల కిందికి పోలేదు. ముఖం తుడుచుకుని చుట్టూ చూసింది, ట్యాంకునీ, తీగనీ, తొట్టినీ. తలుపు మీద నేను రాసిన అక్షరాల దగ్గర ఆగింది. దానికి అవి చదవడం రాదు. అయినా ఏం రాసి ఉందో తెలుసు.

"అక్కా, ఇప్పుడు ఎంతమంది ఉండారు, మీ దేశంలో?" అంది, ఒక్కో మాటా వెతుక్కుంటూ.

"ఇద్దరం," అన్నాను.

అది బోర్లించిన డ్రమ్ముని చూపించి, కూర్చోవచ్చా అన్నట్టు నావైపు చూసింది. నేను వెళ్లి సిమెంటు నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాను. అది తడికొంగు సర్దుకుని, అచ్చం వాళ్లమ్మలాగే, వెళ్లి డ్రమ్ము మీద కూర్చుంది.

"నువ్వు మాట్లాడు అమ్మణీ," అన్నాను. "నేను వింటాను."

మిద్దెనాడు ప్రజలు నోరు విప్పారు.

"కింద కుళాయిలో నీళ్లు రాలేదక్కా," అంది.